గుండె సీటీ స్కాన్ రిపోర్టును ఎంతవరకు నమ్మాలి?

(డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ లబ్ధిదారుల అవగాహన సమావేశం, డోన్: ప్రసంగ పాఠం)

రాలేకపోయినవాళ్ల కోసం ఈ మాటల్నే పీడీఎఫ్‌గా చేసి ఫోన్లకు పంపుతున్నాం. చదవడం రాని పెద్దవాళ్లకు ఇంట్లో పిల్లలు చదివి వినిపించండి.

ముందే ఒక మాట చెప్పాలి. నేను డాక్టరును కాను, సమాచార శాఖ అధికారిని. డాక్టర్లు ఇంగ్లీషులో చెప్పేదాన్ని మనకు అర్థమయ్యేలా చెప్పడం వరకే నా పని. మీ మందుల విషయంలో, మీ ఆపరేషన్ విషయంలో మిమ్మల్ని చూసిన డాక్టరు మాటే ఆఖరిది.

ఈ విషయం మీద మాట్లాడాలని ఎందుకు అనుకున్నానో చెబుతాను. ఒక బుడ్డల రైతు, అరవై దాటిన పెద్దాయన. షుగరు ఉంది. గట్టు ఎక్కితే ఆయాసం వస్తోందని కొడుకు ఆయన్ను సిటీకి తీసుకుపోయి సొంత డబ్బుతో గుండె సీటీ స్కాన్ చేయించినాడు. రిపోర్టులో "తీవ్రమైన ఇరుకు ఉన్నట్టు అనుమానం" అని వచ్చింది. కొడుకు ఆ కాగితం ఫోటో నాకు పంపి, "సార్, రెండెకరాలు అమ్మేదా? ఏం జేయమంటారు?" అని అడిగినాడు. నేను రిపోర్టు కింది దాకా చదివినాను. చివర్లో చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. "సున్నం దట్టంగా ఉన్నందువల్ల లోపలి దారి ఎంత ఉందో కచ్చితంగా చెప్పలేము" అని దాని అర్థం. ఇంట్లో ఎవరూ ఆ వాక్యం దాకా పోలేదు.

తర్వాత పథకం కింద నెట్‌వర్క్ ఆసుపత్రిలో యాంజియోగ్రామ్ చేస్తే, ఆ నరంలో ఇరుకు సగం కూడా లేదని తేలింది. మందులు రాసి పంపినారు. పొలం మిగిలింది. అందరికీ ఇట్లాగే అవుతుందని నేను చెప్పడం లేదు. కొందరికి స్కాన్ చెప్పిందే నిజమవుతుంది. వాళ్లకు స్టెంట్ గానీ, బైపాస్ గానీ అవసరమవుతుంది. కానీ ఆ ఒక్క వాక్యం ఉన్న రిపోర్టు తీర్పు కాదు. అది ఇంకో పరీక్ష చేయించమని చెప్పే కాగితం. ఈ రోజు మీకు చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే.

గుండె జబ్బు పట్నం జబ్బు కాదు

చాలామంది ఇంకా ఇది డబ్బున్నోళ్ల జబ్బు, కూర్చుని తినేవాళ్ల జబ్బు అనుకుంటారు. మన రాష్ట్రంలోనే 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో, ఎవరు దేనివల్ల చనిపోతున్నారని ఇల్లిల్లూ తిరిగి లెక్క తీసినారు. వంద చావుల్లో 32 గుండె, రక్తనాళాల జబ్బులవల్లేనని తేలింది. ఇంకో పెద్ద అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతా దేశాల వాళ్లకు దాదాపు 59 ఏళ్లకు వస్తోందని తేలింది. ఈ పథకానికి ఎవరి పేరు పెట్టినారో ఆ నందమూరి తారక రామారావు గారు కూడా 1996 జనవరి 18న గుండెపోటుతోనే కన్నుమూసినారు. కాబట్టి భయం సహజమే. అయితే భయంతో ఏ పరీక్ష కనిపిస్తే దానికి పరుగెత్తితే మాత్రం డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది.

సీటీ స్కాన్‌లో రెండు రకాలు

మనం "గుండె నరాలు" అంటాం. డాక్టర్లు రక్తనాళాలు అంటారు. గుండె కండకు రక్తం మోసే సన్నటి గొట్టాలు అవి. వీటి గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఆ కొవ్వు పాతబడేకొద్దీ కొంత భాగం సున్నం పట్టి గట్టిపడుతుంది. ఈ సున్నాన్నే రిపోర్టులో "కాల్షియం" అని రాస్తారు.

మొదటి రకం పేరు కాల్షియం స్కోర్ స్కాన్. దీనికి ఇంజెక్షన్ ఉండదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. నరాల్లో సున్నం ఎంత ఉందో ఒక అంకె ఇస్తుంది. సున్నా అంటే సున్నం కనపడలేదని. 1 నుంచి 99 అయితే కొద్దిగా, 100 నుంచి 399 అయితే మధ్యస్థంగా, 400 లేదా అంతకంటే ఎక్కువ అయితే బాగా ఉన్నట్టు. ఈ స్కాన్ సున్నం సంగతే చెబుతుంది. దారి ఎంత ఇరుకైందో చెప్పదు.

రెండో రకం పేరు సీటీ కరోనరీ యాంజియోగ్రామ్. చేతి నరంలోకి అయోడిన్ ఉన్న మందు ఎక్కించి, రక్తం పారే దారిని చూస్తారు. ఇరుకు ఎంత శాతం ఉందో అంచనా కట్టేది ఇదే. మణికట్టు నుంచో తొడ నుంచో సన్నటి గొట్టం గుండె దాకా పంపి చేసే యాంజియోగ్రామ్ ఇది కాదు, అది వేరు. ఆసుపత్రిలో రెండింటినీ "యాంజియో" అనేస్తారు. మీకు రాసింది ఏదో అడిగి తెలుసుకోండి.

సున్నం ఎందుకు తికమక పెడుతుంది?

రాత్రిపూట మన హైవే మీద ఎదురుగా లారీ లైట్లు వేసుకొని వస్తే ఏమవుతుంది? లైటు ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. దాని పక్కన రోడ్డు ఎంత ఖాళీ ఉందో కంటికి ఆనదు. సీటీ స్కాన్‌లో సున్నం కూడా అట్లాగే తెల్లగా మెరుస్తుంది, ఉన్నదానికంటే లావుగా కనపడుతుంది. పక్కన రక్తం పోయే దారి నిజంగా ఉన్నా, ఆ తెలుపు దాన్ని కమ్మేస్తుంది. అప్పుడు సగం ఇరుకు ఉన్నచోట ముప్పావు వంతు ఇరుకు ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇందులో ఇంకో కష్టం ఉంది. గుండె నరం లోపలి దారి చాలాచోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్లే ఉంటుంది. మామూలు సీటీ యంత్రం విడదీసి చూడగలిగేది దాదాపు అర మిల్లీమీటరు వరకే. పైగా గుండె ఒక్క క్షణం కూడా ఆగదు. కదిలే వస్తువును ఫోన్‌తో ఫోటో తీస్తే మసకగా రాదూ, అట్లాగే. పాత స్టెంట్ ఉన్నవాళ్లకూ ఇదే ఇబ్బంది. స్టెంట్ ఇనుప జాలి లాంటిదే కదా, సన్నటి స్టెంట్ అయితే దాని లోపల ఏముందో స్కాన్‌లో సరిగా తెలియదు. కొత్తగా వస్తున్న యంత్రాల్లో ఈ మెరుపు కొంత తగ్గింది గానీ, పూర్తిగా పోలేదు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. మన వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. బిందెలకు, పైపులకు తెల్లగా పట్టేది రోజూ చూస్తాం. "ఆ నీళ్లు తాగే గుండె నరాల్లో సున్నం పట్టింది" అని కొందరు అంటారు. అది నిజం కాదు. నీళ్లలో సున్నం నేరుగా పోయి నరాల్లో పేరుకోదు. వయసు, బీపీ, షుగరు, చెడు కొవ్వు, బీడీ సిగరెట్లు, కిడ్నీ జబ్బు, వంశంలో ఉన్న జబ్బు, వీటివల్ల గోడలు దెబ్బతిన్నచోటే సున్నం పడుతుంది. కాబట్టి ఎముకల కోసం డాక్టరు రాసిన కాల్షియం మాత్రలను కూడా మీ అంతట మీరు ఆపేయొద్దు. అనుమానం ఉంటే అడగండి.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

సీటీ స్కాన్ మంచిదా, చెడ్డదా అని ఒక్క మాటలో చెప్పలేం. "బ్లాక్ లేదు" అని చెప్పినప్పుడు దాని మాట ఒకరకంగా, "బ్లాక్ ఉంది" అని చెప్పినప్పుడు ఇంకోరకంగా తీసుకోవాలి.

అమెరికాలో 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో 230 మందికి ముందు సీటీ, తర్వాత గొట్టంతో యాంజియోగ్రామ్ రెండూ చేసి పోల్చినారు. సగం లేదా అంతకంటే ఎక్కువ ఇరుకు నిజంగా ఉన్న వంద మందిలో 95 మందిని సీటీ పట్టుకుంది. సీటీ "లేదు" అన్నవాళ్లలో 99 శాతం మందికి నిజంగానే లేదు. ఇంత వరకు చాలా బాగుంది.

కానీ సీటీ "ఉంది" అన్నవాళ్లలో నిజంగా ఉన్నది 64 శాతం మందికే. అంటే ముగ్గురిలో ఒకరికి పైగా ఊరికే భయపడినట్టు. సున్నం ఎక్కువైనచోట ఈ తేడా ఇంకా పెరిగింది. కాల్షియం స్కోర్ 400 లోపు ఉండి, ఇరుకు లేని వంద మందిని తీసుకుంటే, వాళ్లలో 86 మందికి సీటీ సరిగా "లేదు" అని చెప్పింది. స్కోర్ 400 దాటినవాళ్లలో అట్లా సరిగా చెప్పింది 53 మందికే. మిగతా 47 మందికి లేని ఇరుకు ఉన్నట్టు చూపింది. దాదాపు బొమ్మా బొరుసూ వేసినట్టే.

మరి "లేదు" అన్న మాటను అందరూ ఒకేలా నమ్మొచ్చా? అదీ కుదరదు. అదే ఏడాది ఏడు దేశాల ఆసుపత్రులు కలిసి 291 మంది మీద చేసిన ఇంకో అధ్యయనంలో, జబ్బు ఉన్నవాళ్లే ఎక్కువ. అక్కడ సీటీ "లేదు" అన్నవాళ్లలో 83 శాతం మందికే ఆ మాట నిజమైంది. అంటే రిస్కు తక్కువ ఉన్న మనిషికి మంచి రిపోర్టు గట్టి ధైర్యం ఇస్తుంది. షుగరు, బీపీ, పొగ అలవాటు ఉండి, నడిస్తే ఛాతీ పట్టేసే మనిషికి అదే రిపోర్టు అంత ధైర్యం ఇవ్వదు. రిపోర్టు బాగున్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ డాక్టరు దగ్గరకు పోవాల్సిందే.

కాల్షియం స్కోర్ సున్నా వచ్చినవాళ్లకూ ఇదే మాట. కొత్తగా పేరుకున్న మెత్తటి కొవ్వుకు ఇంకా సున్నం పట్టి ఉండదు. ముఖ్యంగా వయసు తక్కువ ఉన్నవాళ్లలో, పొగ తాగేవాళ్లలో సున్నా స్కోర్ ఉండి కూడా ఇరుకు ఉండొచ్చు.

అయితే సీటీ వద్దే వద్దా? కాదు. సరైన మనిషికి సరైన సమయంలో చేస్తే చాలా మేలు. స్కాట్లాండ్‌లో ఛాతీ నొప్పితో వచ్చిన 4,146 మంది మీద చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. మామూలు వైద్యంతో పాటు సీటీ కూడా చేసినవాళ్లలో ఐదేళ్లలో గుండెపోటు వచ్చినవాళ్లు, గుండె జబ్బుతో చనిపోయినవాళ్లు కలిపి 2.3 శాతం. సీటీ చేయనివాళ్లలో 3.9 శాతం. జబ్బు మొదట్లోనే కనపడి, సరైన మందులు పడడం దీనికి పెద్ద కారణం అంటారు.

రిపోర్టులో ఏం చూడాలి?

రిపోర్టు చేతికి రాగానే ఈ నాలుగు చూడండి, లేదా చదివినవాళ్లతో చూపించుకోండి.

ఒకటి, కాల్షియం స్కోర్ ఎంత? 400 దాటితే, ఇరుకు శాతం గురించి రాసినదాన్ని అంచనాగానే తీసుకోవాలని గుర్తుపెట్టుకోండి.

రెండు, "క్యాడ్-రాడ్స్" అనే అంకె ఉందా? 0 అంటే ఏమీ లేదు. 1, 2 అంటే ఇరుకు సగం లోపే. 3 అంటే 50 నుంచి 69 శాతం, 4 అంటే 70 నుంచి 99 శాతం, 5 అంటే పూర్తిగా మూసుకుపోయిందని. అంకె బదులు గానీ, అంకెతో పాటు గానీ "ఎన్" అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే, కొంత భాగం సరిగా కనపడలేదని అర్థం.

మూడు, చివరి పేరా. సున్నం వల్లో, గుండె వేగం వల్లో, కదలిక వల్లో సరిగా చూడలేకపోయినామని అక్కడ రాస్తారు. నేను చెప్పిన పెద్దాయన ఇంట్లో వదిలేసింది ఈ పేరానే.

నాలుగు, ఎడమవైపు మొదట్లో ఉండే పెద్ద నరం గురించి ఏమైనా రాసినారా? "లెఫ్ట్ మెయిన్" అంటారు. అక్కడ ఇరుకు ఉందంటే ఆలస్యం చేయొద్దు, వెంటనే గుండె డాక్టరుకు చూపించండి.

ఇంకో సంగతి. ఇరుకు కనపడినంత మాత్రాన స్టెంట్ వేయాలని లేదు. ఆ ఇరుకు వల్ల గుండెకు రక్తం నిజంగా తగ్గుతోందా అనేది వేరే ప్రశ్న. దాన్ని ట్రెడ్‌మిల్ లాంటి పరీక్షలతోనో, యాంజియోగ్రామ్ చేసేటప్పుడు నరంలో ఒత్తిడి కొలిచో చూస్తారు. మన దేశం రోగులు కూడా ఉన్న ఒక అంతర్జాతీయ అధ్యయనం 2020లో వచ్చింది. అందులో 5,179 మంది ఉన్నారు. నిలకడగా ఉన్న జబ్బుకు మందులతో పాటు ముందే స్టెంట్, బైపాస్ చేసినా, మొదట మందులతోనే నడిపినా, మూడేళ్లకు పైగా చూస్తే చావులు, గుండెపోట్లు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పి ఎక్కువ ఉన్నవాళ్లకు మాత్రం స్టెంట్, బైపాస్‌తో ఉపశమనం బాగా వచ్చింది. లెఫ్ట్ మెయిన్ ఇరుకు ఉన్నవాళ్లను ఆ అధ్యయనంలో చేర్చలేదు, కాబట్టి ఈ మాట వాళ్లకు వర్తించదు.

ఇంకా, మందులు వాడితే సున్నం కరిగిపోదు. కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడితే స్కోర్ కొంచెం పెరగనూవచ్చు, ఎందుకంటే మెత్తటి కొవ్వు గట్టిపడి నిలకడకు వస్తుంది. అందుకని స్కోర్ తగ్గిందా అని ఏటేటా స్కాన్ చేయించుకోవద్దు, మాత్రలు పనిచేయడం లేదని ఆపేయొద్దు.

స్కాన్‌కు పోయే ముందు

ఇంజెక్షన్‌తో చేసే స్కాన్‌కు ముందు క్రియాటినిన్ అనే రక్తపరీక్షతో కిడ్నీల పని చూస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నా, గతంలో ఇంజెక్షన్ మందులు పడక దద్దుర్లు వచ్చినా, ఉబ్బసం ఉన్నా, గర్భం ఉన్నా ముందే చెప్పాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ మాటా చెప్పండి. కిడ్నీ పని తగ్గినవాళ్లకు దాన్ని కొద్దిరోజులు ఆపమంటారు, మీ అంతట మీరు ఆపొద్దు. బొమ్మ స్పష్టంగా రావడానికి గుండె వేగం నిమిషానికి 60, 65 దగ్గరకు తేవాలి, దానికి మాత్ర ఇస్తారు. కాబట్టి ఆ రోజు కాఫీ, టీ, బీడీ వద్దు. ఊపిరి బిగబట్టమన్నప్పుడు కదలకుండా బిగబట్టాలి. మీరు కదిలితే బొమ్మ పాడవుతుంది, ఖర్చు దండగ.

ఈ పరిస్థితుల్లో స్కాన్ కోసం తిరగొద్దు

ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట, ఉన్నట్టుండి ఆయాసం వస్తే ఏ స్కాన్ సెంటర్‌కూ పోవద్దు. 108కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు నొప్పి లేకుండా ఒట్టి నీరసం, ఆయాసం, వాంతి వచ్చినట్టు మాత్రమే ఉండొచ్చు. "గ్యాస్‌లే" అని సోడా తాగి పడుకోవద్దు.

అప్పుడు మొదట కావాల్సింది ఈసీజీ. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో తీస్తారు. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా అనుమానం ఉంటే మళ్లీ తీస్తారు, రక్తపరీక్ష చేస్తారు. నరం పూర్తిగా మూసుకుపోయిన రకం గుండెపోటు అయితే, గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఉంది. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో దీన్ని ఉచితంగా ఇస్తున్నారు. ఎంత తొందరగా పడితే గుండె కండ అంత మిగులుతుంది. డోన్ నుంచి కర్నూలు సుమారు 50 కిలోమీటర్లు. ఆ దారిలో పోయే సమయం కూడా విలువైనదే, అందుకే ముందు దగ్గరి ఆసుపత్రిలో ఈసీజీ.

పథకం కింద మీరు చేయాల్సింది

వైద్య సేవ నెట్‌వర్క్ ఆసుపత్రి ఏదైనా, లోపలికి పోగానే వైద్యమిత్ర కౌంటరు ఉంటుంది. కొందరు ఇప్పటికీ ఆరోగ్యమిత్ర అంటారు. మీ రేషన్ కార్డు లేదా పథకం కార్డు, ఆధార్ చూపించి మూడు ప్రశ్నలు అడగండి.

"డాక్టరు రాసిన ఈ పరీక్ష పథకం కింద వస్తుందా, మేం కట్టాలా?" స్కాన్ ఒక్కటే విడిగా చేయించుకోవడం వేరు, చికిత్సలో భాగంగా చేసేది వేరు. డబ్బు కట్టకముందే ఇది తేల్చుకోండి.

"యాంజియోగ్రామ్, స్టెంట్ లేదా బైపాస్ అవసరమైతే అనుమతి ఎట్లా వస్తుంది?" అనుమతి వచ్చిన చికిత్సకు నెట్‌వర్క్ ఆసుపత్రి మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు.

"ఇంటికి పోయినాక మందులు, మళ్లీ చూపించుకోవడం ఎట్లా?"

జవాబు సరిగా రాకపోయినా, ఎవరైనా డబ్బు అడిగినా 104కి ఫోన్ చేసి చెప్పండి. పేరు, తేదీ, ఏం అడిగినారో రాసి పెట్టుకోండి. రిపోర్టుతో పాటు స్కాన్ సీడీ కూడా అడిగి తెచ్చుకోండి. ఇంకో డాక్టరుకు చూపించాలంటే కాగితం ఒక్కటే చాలదు, బొమ్మలు కావాలి.

బీపీ, షుగరు పరీక్షలు మీ ఊరి ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా చేస్తారు, మందులూ ఇస్తారు. ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ చేయించుకోండి. నరాల్లో సున్నం పట్టకముందే ఆపే పని అక్కడే మొదలవుతుంది, దానికి ఏ స్కానూ అక్కర్లేదు.

పొలం అమ్మేముందు, బంగారం కుదవ పెట్టేముందు, రిపోర్టు చివరి పేరా చదవండి. తర్వాత వైద్యమిత్రను అడగండి. ఆ రెండూ అయినాకే డబ్బు సంగతి ఆలోచించండి. ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి గ్రూపులో పంపండి.

అత్యవసరానికి: 108
పథకం సందేహాలకు, ఫిర్యాదులకు: 104